గౌరమ్మ సినిమాలో నలభై తప్పులు

సినిమాలో తప్పులు లేకపోతే ప్రేక్షకుడికి మిగిలేదేముంది? తప్పులున్న సినిమాయే మంచి సినిమా! నమ్మకం లేకపోతే మన గౌరమ్మ సినిమా చూడండి.

తెలియనివారికి చెబుతాను. గౌరమ్మది బారువ, మత్స్యకారుల ఇల్లు. ఇరవై ఏళ్ళుగా పలాస పక్కనే కాశీబుగ్గలో చిన్న భోజన హోటల్ నడుపుతోంది. ఆమె వండే ఎండు నెత్తళ్ళ పులుసు కోసం పలాసలో రైలు దిగి మరీ తిని వెళ్ళేవాళ్ళున్నారు. జీడిపప్పు వ్యాపారి జగన్నాథరావు గారు ఆమె జీవితాన్ని సినిమాగా తీసి, ఈ 2006 వేసవిలో విడుదల చేశారు. థియేటర్లో రెండుసార్లు, ఇంట్లో సీడీ ఆపి ఆపి ఒకసారి చూశాను. నలభై తప్పులు దొరికాయి. ఎంత సంతోషమో!

పలాస స్టేషన్లో రైలాగుతుంది. వెనకాల సముద్రం! కెరటం వచ్చి బోగీ మెట్లు తడుపుతుంది. ఇన్నాళ్ళూ సముద్రం చూడాలంటే ఆటోవాళ్ళతో బేరమాడి చచ్చాం. ప్లాట్‌ఫారం టిక్కెట్టుతో సరిపెట్టిన దర్శకుడికి దండం పెట్టొద్దూ?

హీరోయిన్ చెట్టు మీది జీడిగింజ కోసి నేరుగా పులుసులో వేస్తుంది. పచ్చి గింజ తొక్కలోని జీడి తగిలితే నోరు పొక్కిపోతుందని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. అయితే ఏం? ఇక కాల్చక్కర్లేదు, కొట్టక్కర్లేదు, పొట్టు తీయక్కర్లేదు. ఫ్యాక్టరీలన్నిటికీ సెలవే!

1982లో జరిగిన గౌరమ్మ పెళ్ళిలో పెళ్ళికొడుకు బైరాగి జేబులో సెల్‌ఫోన్ మోగుతుంది. సిగ్నల్ కోసం మేమిప్పటికీ మేడెక్కుతున్నాం. ఆయనకు అప్పుడే పీటల మీద అందింది!

చివర్లో తుఫానుకు గౌరమ్మ సముద్రంలో మునిగి చనిపోతుంది. హాలంతా ఏడ్చింది. నా ముందు వరసలో కూర్చున్న గౌరమ్మ కూడా ఏడ్చింది. పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా, నిర్మాతగారు ఆమెకు నూరేళ్ళు పోశారన్నమాట!

ఈ శుభవార్త చెప్పి అభినందిద్దామని ఆమె హోటల్‌కి వెళ్ళాను. ఆమె నవ్వలేదు.

“నన్ను ముంచీసినా ఊరుకున్నాను బాబూ. నాకీ పులుసు నేర్పినాది మాయమ్మ పైడితల్లి. అమ్మని మార్సీడమేటి?”

నిజమే. సినిమాలో ఆమెకు పులుసు నేర్పేది పెద్దింటి అమ్మగారు. అంటే జగన్నాథరావు గారి తల్లిగారు. ఎండుచేప వాసనను బతికున్నన్నాళ్ళూ వీధి గుమ్మం దాటనివ్వని మహాతల్లి! ఆవిడ ఫొటో దగ్గర పెట్టుకుని, అదే ముక్కుపుడక చేయించి, అదే అంచు చీర నేయించి మరీ ఆ సీను తీశారు. అందుకే దాన్ని నా నలభైలో చేర్చలేకపోయాను. తెలియక చేసినదాన్నే కదా తప్పంటాం! ఇంత శ్రద్ధగా తెలిసి చేసినదాన్ని ఏమనాలి?

ఇంతలో కారు దిగిన నలుగురు లోపలికొచ్చి, “అమ్మగారి పులుసు ఉందా?” అని అడిగారు. సినిమా వచ్చిన దగ్గర్నుంచి అందరూ ఆ పేరుతోనే అడుగుతున్నారట.

గౌరమ్మ విస్తళ్ళు వేస్తూ చెప్పింది.

“అది అయిపోనాది బాబూ. పైడితల్లి పులుసుంది. పెట్టీమంటారా?”