ఛాతీలోతు సముద్రం

దిల్‌సుఖ్‌నగర్ మొత్తం బంద్ అయిందనీ, పిలుపిచ్చింది మాత్రం తాను కాదనీ యువజన నాయకుడు మహేందర్ పొద్దున పళ్ళు తోముకుంటూ కనుక్కున్నాడు. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. తనకు చెప్పకుండా ఇంకెవడో ఏరియా మూయించాడంటే తన నాయకత్వం మీద మన్ను పడ్డట్టే.

మూయించినవాడు చైతన్యపురి కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పే జోగారావు. భీమిలి మనిషి. కళ్ళకు అద్దాలు కట్టుకుని ఛాతీలోతు సముద్రంలో మునిగాననీ, గుల్లలోంచి సన్యాసి పీత తొంగిచూడడం, రాళ్ళ సందున ఆక్టోపస్ రంగు మార్చడం కళ్ళారా చూశాననీ ఏటా పాఠంలో చెబుతాడు. ఈ ఏడు పిల్లలు వదల్లేదు. "సార్‌తోనే మునుగుతాం" అని విశాఖకు బస్సు మాట్లాడారు. ఇవాళ తొమ్మిదింటికి ప్రయాణం. నీళ్ళలో దిగితే మునిగేది ఇన్నేళ్ళ పరువు.

అందుకే తెల్లారగానే అంతయ్య హోటల్లో టీ తాగుతూ, "ఇవాళ బంద్ అటగా?" అన్నాడు.

"ఎవలు చెప్పిండ్రు సారూ?"

"అంతా అనుకుంటున్నారయ్యా."

అంతయ్య మళ్ళీ అడగలేదు. షట్టర్ సగం దించాడు. ఆ రోజుల్లో బంద్ సంగతి ఎవరూ పేపర్లో చూసేవారు కాదు, పక్కవాడి షట్టర్ చూసేవారు. హోటల్‌ని చూసి పాలబూత్, పాలబూత్‌ని చూసి కిరాణాషాపు, దాన్ని చూసి పెట్రోలు బంకు మూశారు. వార్త ఎల్బీనగర్ చేరేసరికి అక్కడ రెండు టైర్లు కూడా కాలుతున్నాయి.

మహేందర్ త్వరగానే తేరుకున్నాడు. బంద్ తమదేనని మైకులో ప్రకటించి, ఆ ఊపిరితోనే సంపూర్ణ విజయమని కూడా ప్రకటించాడు. తర్వాత అంతయ్య దగ్గర ఆరా తీసి, దండతో కోచింగ్ సెంటర్ ముందుకొచ్చాడు.

"ఆంధ్రా సారు అయ్యుండి మా బంద్‌కు ప్రచారం చేసిండు. మామూలు ముచ్చట కాదు," అంటూ జోగారావు మెడలో వేశాడు.

జోగారావు ఆగివున్న బస్సును తృప్తిగా చూశాడు. "ప్రయాణం పోతే పోయింది బాబూ. ఉద్యమం ముఖ్యం కదా."

"ఎందుకు పోతది సారూ? బస్సుకు మా జెండ కడ్తం. ముంగట మా జీపుంటది. ఎవడాపుతడో చూస్త. కోదాడ దాటినంక జెండ తీసి సీటు కింద పెట్టుకోండ్రి, గంతే. మా పోరగాండ్లు సుత సముద్రం చూడలే. ఆళ్ళను గూడ జర ముంచుకరాండ్రి."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఇద్దరు కార్యకర్తలు జోగారావును గౌరవంగా ఎత్తి బస్సు మెట్టు మీద పెట్టారు. ఆయన తలుపు కమ్మీ పట్టుకుని వదల్లేదు.

"మహేందరూ, దింపించు బాబూ. ఈ బంద్ పెట్టింది నేనే. నాకు ఈత రాదు. సముద్రాన్ని నేనెప్పుడూ ఒడ్డున కూర్చుని, మురీ మిక్చర్ తింటూనే చూశాను."