సీజన్ అయ్యాక పుట్టమ్మా!

ఎండాకాలంలో చచ్చిపోవడం మర్యాద కాదు. మా ఊళ్లో అయితే అసలు కాదు!

మాది దాల్మేషియా తీరం. క్రొయేషియాకి వచ్చే టూరిస్టుల్లో సగం మంది మా రేవులోనే దిగుతారేమో అనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా ఊరి మగవాళ్లంతా హోటళ్లలో ట్రేలు మోస్తూ ఉంటారు. మరి శవాన్ని ఎవరు మోస్తారు? పోనీ చర్చి గంటయినా కొడదామంటే పక్క మేడలో జర్మన్లకి నిద్ర చెడుతుంది. అందుకే మా ముసలివాళ్లు బుద్ధిగా అక్టోబరు దాకా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంటారు. ఇంత క్రమశిక్షణ ఏ ప్రభుత్వం నేర్పగలదు చెప్పండి?

ఇదంతా టూరిజం పెట్టిన భిక్ష. ఇంకా పెరగాలనీ, ఏటేటా పెరగాలనీ నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మా ఊళ్లో ఏ కష్టానికైనా ఒకే ఒక్క మందు ఉంది. ‘సీజన్ అయ్యాక’! పన్ను పీకించుకోవాలా? సీజన్ అయ్యాక. కప్పు కారుతోందా? సీజన్ అయ్యాక. కుళాయి పగిలిందా? ప్లంబర్ పడవేసుకుని టూరిస్టులకి గుహలు చూపించడానికి వెళ్లాడు, అతను వచ్చేది కూడా సీజన్ అయ్యాకే.

మా పక్కింటి మొగుడూ పెళ్లాలు మాతే, ఇవ్కా విడాకులు తీసుకోవాలని ఎప్పుడో తీర్మానించుకున్నారు. ఎండాకాలం దుప్పట్లు ఉతకడానికే తీరిక దొరకదు, ఇంక కోర్టుకెళ్లే తీరికెక్కడిది? శీతాకాలం వచ్చేసరికి కోపం చల్లారిపోతుంది. ఇప్పటికీ కలిసే ఉన్నారు. టూరిజం కాపురాలు కూలుస్తుందని వాగేవాళ్లు వచ్చి చూడండి!

నా సంగతే చూడండి. మే నెలాఖరుకి నేనూ మా ఆవిడ తోన్కా కింద వైన్ పీపాల గదిలోకి దిగిపోతాం. పైగదులన్నీ గెస్టులవి. కింద కిటికీ లేదు, కాబట్టి ఎండ బాధ లేదు. నిద్ర పట్టకపోతే గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, పీపాల వాసనకే మత్తెక్కుతుంది. ఇంత సుఖం పైన ఉన్న గెస్టులకి ఉందా?

ఇక అద్దె ఇళ్లు. మా ఊళ్లో ఇల్లు తొమ్మిది నెలలకే ఇస్తారు. జూన్ ఒకటిన నర్సు, పోలీసు, టీచరమ్మ అందరూ మూటాముల్లె సర్దుకుని కదలాల్సిందే. టీచరమ్మ నెత్తిన పరుపు పెట్టుకుని వెళ్తుంటే బడిపిల్లలు వీధి చివరిదాకా సాగనంపుతారు. ప్రజల వలసల గురించి పుస్తకంలో చదివితే ఏం తెలుస్తుంది? ఇలా కళ్లారా చూడాలి గానీ!

ఆ టీచరమ్మ మా అమ్మాయి లుచియానే.

ఈ ఏడాది మే నెలలో, నిండు కడుపుతో, మెట్లు పట్టుకుని పీపాల గదిలోకి దిగి వచ్చింది.

“నాన్నా, ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్నాడు. నా పాత గది ఇస్తావా?”

“నీక్కాక ఇంకెవరికిస్తానమ్మా? సీజన్ అయ్యాక తీసుకో.”

“బిడ్డ జులైలో పుడుతుంది నాన్నా!”

“అదేదో కాస్త ముందే చూసుకోవాల్సింది.”

చేప శుభ్రం చేస్తున్న తోన్కా కత్తి ఆపింది. “నోరా అది, మురిక్కాలవా? కన్నకూతురితో అనే మాటేనా?”

లుచియా నవ్వింది. “పోనీలే అమ్మా. లోపలున్నవాళ్లకి చెప్తాలే, సీజన్ అయ్యాక పుట్టమ్మా అని.”

నన్ను కసాయివాడు అనుకోకండి. ఆ గది ఆస్ట్రియా దంపతులు జనవరిలోనే తీసుకున్నారు. అంత దూరం నుంచి ఏటా వస్తారు, పాపం. కూతురిదేముంది? ఊళ్లోనే ఉంటుంది, ఎప్పుడైనా చూసుకోవచ్చు. అల్లుడు దుయే, లుచియా కలిసి అతని మేనత్తగారి గ్యారేజీలో చేరారు. పడవ ఇంజను పక్కనే పక్క వేసుకున్నారట. కొత్త దంపతులకి అంతకన్నా ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది?

జులైలో ఆస్ట్రియా పెద్దాయన కాలు విరగ్గొట్టుకుని రావడం మానేశాడు. ఆగస్టు చివరిదాకా గది ఖాళీ! లుచియాకి కబురు పెడదామనే అనుకున్నాను. నిజం! కాఫీ తాగి పెడదామనుకున్నాను. కాఫీ చల్లారేలోపే ఐర్లండు నుంచి బుకింగ్ వచ్చింది. నేను పేర్లు చూడను, దేశమే చూస్తాను. ఐర్లండు మంచి దేశం. ‘చంటిబిడ్డ ఉంటుంది, ఉయ్యాల కావాలి’ అని కింద రాశారు.

గెస్టు అడిగాక లేదంటామా? అటక ఎక్కి, మా తాత పడవ చెక్కతో చేసిన ఉయ్యాల దింపాను. లుచియా అందులోనే పెరిగింది. గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ పూసి, దూది పరుపు వేశాను. తోన్కా కిక్కురుమనకుండా దానికి లేసు దుప్పటి ఇస్త్రీ చేసింది. ఏదో తేడాగా ఉందనిపించింది. కానీ పెళ్లాం నోరు మూసుకుని ఉంటే ఎందుకని అడిగేంత వెర్రివాణ్ణి కాను.

ఇంతలో లుచియాకి ఆడపిల్ల పుట్టింది. స్ప్లిట్ నగరంలో ఆసుపత్రికి వెళ్లి చూసి, కాస్త ఏడ్చి, ఐరిష్ వాళ్ల ఏర్పాట్లున్నాయని బస్సెక్కి వచ్చేశాను.

వాళ్లు వచ్చే రోజు సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తీపి వైనూ ఎండు అంజీర పళ్లూ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. కారు ఆగింది. తలుపు తెరుచుకోగానే, “వెల్కమ్ టు ప్యారడైజ్!” అని అరిచాను.

దుయే దిగాడు. వెనకాల పొత్తిళ్లలో పాపతో లుచియా. దుయే ఒకప్పుడు ఐర్లండు హోటల్లో వంట చేసేవాడు. బుకింగు ఖాతా అప్పటిదట.

“గుడ్ ఈవినింగ్ సార్. బుకింగ్ ఉంది మాకు. ఉయ్యాల కూడా అడిగాం,” అంది నా కూతురు.

“ఇదేంటే?”

“గెస్టుని పట్టుకుని ఏంటే అంటారా నాన్నా? రేటింగులో స్టార్లు పోతాయి!”

వెనక నుంచి తోన్కా పకపకా నవ్వింది. నాకు సిగ్గేసింది. గ్లాసులో పోస్తున్న వైన్ నా చొక్కా మీదే పోసుకున్నాను. సొంత ఇంట్లోకి రావడానికి నా బిడ్డ పరాయి దేశం పేరు చెప్పుకోవాల్సి వచ్చింది. దీన్ని కూడా టూరిజం ఘనత కింద రాయాలనే కూర్చున్నాను గానీ, కలం కదలడం లేదు.

సరే, చట్టం చట్టమే. దిగిన ప్రతి గెస్టునీ టూరిస్టు ఆఫీసులో నమోదు చేయించాలి. మర్నాడు వెళ్లాను. అక్కడ పనిచేసే అంజెల్కా మా అమ్మాయితో చదువుకున్న పిల్ల.

“పేరు చెప్పండి బార్బా.” మా వైపు పెద్దవాళ్లని అలాగే పిలుస్తారు.

“తోన్కా. నాయనమ్మ కాదు, అమ్మమ్మ పేరే పెట్టారు.”

“వయసు?”

“ఇంకా వారం కూడా నిండలేదు.”

“అబ్బో! ఈ సీజన్లో అందరికన్నా చిన్న టూరిస్టు మీ గెస్టే బార్బా!” అంటూ మురిసిపోయి లావెండర్ సంచి ఒకటి బహుమతిగా ఇచ్చింది. “ఈసారి మన లెక్క బాగా పెరుగుతోంది. సరే, పోయే తేదీ?”

“పోవడమేంటి?”

“ఊరొదిలి ఎప్పుడెళ్తుందీ అని. అది నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలదు.”

“ఎక్కడికీ వెళ్లదమ్మా. ఇక్కడే ఉంటుంది.”

“ఇక్కడంటే ఎక్కడ బార్బా?”

ఎగతాళికి అనలేదు, పాపం, తెలియకే అడిగింది. రేవు నుంచి కొండదాకా మా ఊరి ఇళ్లన్నీ మనసులోనే ఒక్కొక్కటీ తట్టి చూశాను. అన్నిటికీ గదులు అద్దెకిస్తామన్న బోర్డులే.

ఆగస్టు ముప్ఫై ఒకటి అని చెప్పి వచ్చేశాను. సెప్టెంబరు ఒకటి నుంచి ఆ గదికి డచ్ వాళ్లు వస్తున్నారు.