సున్నాగారు, తడిగోడ

పదకొండింటికి కొనుగోలుదారు వచ్చేలోగా లెక్క తేలాలి. తేలకపోతే, నేలమాళిగ గోడల్లో పెట్టే యాంటెన్నా పని సున్నాగారి చేతికి పోతుంది. అందుకే లెక్కలమ్మాయి ఆ ఉదయం అందరికంటే ముందే ఆఫీసుకు వచ్చింది.

యాంటెన్నాగా పెట్టే లోహపు రేకులో కరెంటుకు తనకంటూ కొన్ని ఊగే తీరులుంటాయి. వాటిని పట్టుకుంటే, తీగ ఎక్కడ అతికించాలో తెలిసిపోతుంది. కానీ రేకు చుట్టూ తరంగాన్ని మింగేసే చెమ్మగోడ ఉంటే, ఆ లెక్క ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగిస్తుంది. సీనియర్ ఇంజనీరు సున్నాగారు మాత్రం గోడ ఏమీ మింగదనుకుని, నష్టం గడిలో సున్నా పెట్టి, టీ చల్లారేలోగా ముగించేవాడు. ఆయనకు ఆ పేరు అలా వచ్చిందే.

తన కంప్యూటరు ఒక్కటీ చాలక, ఆమె ఆఫీసులోని పద్నాలుగింటికీ లెక్క పంచిపెట్టి, "ఆపొద్దు" అని చీటీలు అంటించింది. వచ్చినవాళ్లు వైరస్ సోకిందనుకుని కుర్చీలు దూరంగా లాక్కున్నారు. మేనేజరు కంగారుపడి, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని హుకుం జారీ చేశాడు. కంప్యూటర్ల వేడికి గది కొలిమిలా కాగింది. ఊడ్చే అక్క జాలిపడి ఏసీలన్నీ ఆఖరి మెట్టుకు తిప్పింది. వాటి నీళ్లు మోసే పాత గొట్టం పక్కగదిలో ఊడి, పరీక్ష కోసం కట్టిన ఇటుకగోడను నిలువునా తడిపేసింది.

అప్పుడే లెక్క తేలింది. అందరూ పనికిరాదని వదిలేసే మూలనే తీగ అతికించాలట. ఆమె అతికించి, రేకు పట్టుకుని పక్కగదికి పరుగున వెళ్లేసరికి, మేనేజరు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావమ్మా ఇది?"

గోడ ఆరాక మరో రోజు చూద్దామని సున్నాగారు పట్టుబట్టాడు. అంతలో కొనుగోలుదారు లోపలికి వచ్చి, గోడను అరచేత్తో తడిమింది.

"మా నేలమాళిగలన్నీ ఇలాగే ఉంటాయండీ. కానివ్వండి."

సున్నాగారు తన యాంటెన్నాను గోడగూట్లో పెట్టాడు. సంకేతం చూపే మీటరు ముల్లు కదల్లేదు. మీటరును రెండు దెబ్బలు కొట్టాడు. అయినా కదల్లేదు. తర్వాత లెక్కలమ్మాయి తన రేకు పెట్టింది. ముల్లు లేచి చివరిదాకా పోయింది, సంకేతం అందితే మోగేలా మెట్లకింద పెట్టిన గంట కూడా గణగణ మోగింది. ఆమెకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఊడ్చే అక్క చీపురు పక్కన పడేసి చప్పట్లు కొట్టింది.

"గోడను ముందే తడిపి ఉంచాలన్న ఆలోచన ఎవరిది?" అని కొనుగోలుదారు మెచ్చుకోలుగా అడిగింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

ఒప్పందంలో రూపకర్తగా లెక్కలమ్మాయి పేరే పడింది. పరీక్షా విధానం గడిలో మాత్రం "గోడను తడుపుట" అని రాసి, మేనేజరు తన సంతకం పెట్టుకున్నాడు.