తల్లుల గది తాళంచెవి

పదకొండింటికి మిషనుతో తన పాలు పిండి, సీసాను ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లాలి. ప్రసూతి సెలవు ముగిసి ఆ రోజే పనిలో చేరుతున్న టపా గుమాస్తా పొద్దున్నే వేసుకున్న పథకం ఇంతే. ఇంట్లో ఒక్క సీసా పాలు ఉంచి వచ్చింది. డబ్బా పాలు పడితే మూడు నెలల పిల్లాడు అత్తగారి ఒళ్లోనే ఉమ్మేస్తున్నాడు.

ఆఫీసులో తల్లుల కోసం కొత్తగా ఒక గది సిద్ధం చేశారు కూడా. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. తలుపుకు తాళం, అడ్డంగా ఎర్ర రిబ్బను ఉన్నాయి.

"ముఖ్య అతిథిగారు మూడింటికి వచ్చి కత్తిరిస్తారమ్మా. అందాకా ఎవరూ లోపలికి పోకూడదు, నేల మాసిపోతుంది," అన్నాడు సూపరింటెండెంట్.

"నాకు ఇప్పుడే కావాలి సార్."

"నాలుగు గంటలేగా, ఓర్చుకో."

ఆమె ఓర్చుకున్నా పాలు ఓర్చుకోవు. రికార్డు గదిలో దూరి గడియ పెట్టుకుంది. దుమ్ముపట్టిన ఫైళ్ల మధ్య ఒకే ఒక్క ప్లగ్గు కనిపించింది. మిషను బుర్రుమంది. బయట వాచ్‌మన్ తలుపుకు చెవి ఆనించాడు.

"లోపల వైర్లు కాలుతున్నాయి సార్," అంటూ పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. మోత ఆగింది. "చూశారా, నే చెప్పలా?"

అందరినీ వీధిలోకి తోలారు. ఆమె సగం సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, సిగ్గుతో నోరెత్తలేక వాళ్ల వెనకే నడిచింది. రికార్డు గదికి తాళం పడింది. ఎలక్ట్రీషియన్ సాయంత్రం దాకా రాలేదు. ఆ కాసిని పాలూ పాడైపోయాయి.

కరెంటు లేకపోయినా అతిథిగారు చెమటలు కక్కుతూ తల్లిపాల గొప్పదనం గురించి ముప్పావుగంట చెప్పారు. తడిసిన జాకెట్టుకు టపా పుస్తకం అడ్డం పెట్టుకుని ఆమె ముందు వరసలో నిలబడింది. ఫోన్ మోగింది.

"సీసా అయిపోయిందమ్మా. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు," అన్నారు అత్తగారు.

"వచ్చేస్తున్నా అత్తయ్యా."

ఆఫీసులో పసిబిడ్డ తల్లి ఆమె ఒక్కతే గనక తాళంచెవి ఆమె చేతికే ఇచ్చి ఫోటో తీశారు. ఆమెకు ఏడుపు ఆగలేదు. అతిథిగారు అవి ఆనందబాష్పాలనుకున్నారు.

మర్నాడు గది తెరిచింది. కుర్చీ ఉంది, కర్టెను ఉంది, గోడకు పూలబొమ్మ ఉంది. ప్లగ్గు లేదు.

"రాసివ్వమ్మా, పైకి పంపుతాను," అన్నాడు సూపరింటెండెంట్.

పదిహేను రోజులకు జవాబు ఆమె టపాలోకే వచ్చింది. తల్లుల గదిని ఎవరూ వాడడం లేదు గనక రికార్డులను అందులోకి మార్చాలి, ప్లగ్గున్న రికార్డు గదిని తల్లులకు ఇవ్వాలి. ఆమె ముద్ర వేసి రిజిస్టరులో ఎక్కించింది. పాలు ఆగిపోయి అప్పటికి నాలుగు రోజులైంది.

కొత్త గదికి తాళం వేసి, రిబ్బను కట్టారు.