నీలం చొక్కా ఆయన

నరుకుడు సినిమాలు చూస్తేనే పిల్లల మనసు వికసిస్తుందని ఎమ్మెల్యే శ్యామ్ సుందర్ గారు నూజివీడు మామిడి మార్కెట్లో మైకు పట్టుకుని ప్రకటించారు. ఫారిన్‌లో రీసెర్చి కూడా అయిందట. బడిపిల్లలందరికీ ఉచితంగా చూపించబోయే సినిమా ఆయన సొంత బావమరిది తీసింది కావడం, అది రెండో రోజుకే హాళ్ళలోంచి లేచిపోయి ఉండడం దైవికం.

“చిన్నపిల్లలు, దడుచుకోరాండీ?” అంది హెడ్‌మిస్ట్రెస్ ఇన్నమ్మ.

“దడుపు కూడా ఎమోషనేనమ్మా. డెవలప్ కానివ్వండి.”

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సవరయ్య. కొట్లాటల్లో ఎమ్మెల్యే గారికి ముందు నడవడం అతని పని. కిందటి ఎలక్షన్లో ఆయన మీద పడాల్సిన కర్ర సవరయ్య నెత్తిన పడింది. కుట్లు ఇప్పటికీ దువ్వెనకి తగులుతాయి. అందుకు మార్కెట్ యార్డు డైరెక్టరు పదవి ఇస్తామన్నారు. ఈ సీజన్‌కి ఖాయం. కిందటి సీజన్‌కీ ఖాయమే.

కాయల షెడ్డులో తెర కట్టి, పిల్లలకి మామిడి తాండ్ర పంచారు. ఇంటర్వెల్ లోపే హీరో ఒక మండలం జనాభాని నరికాడు. పిల్లలు తాండ్ర చీకుతూ చూశారు. సవరయ్య కూతురు రేచల్, మూడో తరగతి, ఒక్కతే వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎమ్మెల్యే గారి మొహం వెలిగిపోయింది. “అదిగో ఎమోషన్. ఫొటో తీయండయ్యా. ఎవరి కోసమమ్మా ఏడుపు, హీరో వాళ్ళమ్మ కోసమా?”

“మొదటి ఫైట్లో చచ్చిపోయిన నీలం చొక్కా ఆయన కోసమండీ.”

“వాడు రౌడీ వెధవమ్మా. వాడికి సినిమాలో పేరు కూడా లేదు.”

“వాళ్ళింట్లో ఉంటుంది కదండీ.” రేచల్ ముక్కు తుడుచుకుంది. “హీరో ఎవరో కూడా ఆయనకి తెలీదు. వెనకాల కుర్చీలో కూర్చున్నాయన వెళ్ళమన్నాడు, వెళ్ళాడు. కుర్చీ ఆయన మాత్రం ఆఖరిదాకా బతికే ఉన్నాడు.”

చుట్టూ ఉన్న పిల్లలు తాండ్ర చీకడం ఆపి, ఎమ్మెల్యే గారి వెనక నిలబడ్డ తమ తమ నాన్నల వైపు చూశారు. ఆయన మాత్రం ఒక్క ఆటతోనే జాలి అనే సద్గుణం మొలకెత్తిందని పేపర్లకి చెప్పి, పథకాన్ని పార్టీలకతీతంగా ప్రత్యర్థుల చాట్రాయి దాకా పొడిగించారు.

ఆ పూట అన్నం దగ్గర రేచల్ తండ్రి నెత్తి మీద కుట్లు తడిమింది. “కొట్టినాయన నీకు తెలుసా నాన్నా?”

“తెలీదు.”

“ఆయనకి నువ్వు తెలుసా?”

“అన్నం తిను.”

“అడిగినదానికి చెప్పొచ్చుగా,” అంది భార్య రిబ్కమ్మ పప్పు వడ్డిస్తూ.

వారం తిరక్కుండా మార్కెట్లో కాటాల దగ్గర గొడవైంది. ప్రత్యర్థి రామచంద్రరావు గారు చాట్రాయి నుంచి కర్రలతో మనుషుల్ని వేసుకుని దిగారు.

“సవరయ్యా, పద ముందుకి. పదవి నీదే,” అన్నారు ఎమ్మెల్యే గారు.

సవరయ్య రెండడుగులు వేశాడు. వంగి, చెప్పు సర్దుకోసాగాడు. వెనకున్నవాళ్ళ చెప్పులూ సరిగ్గా అప్పుడే ఇబ్బంది పెట్టాయి. అటు పక్షం వాళ్ళూ కర్రలు కింద పెట్టి వంగారు. వాళ్ళ పిల్లలూ సినిమా చూసినవాళ్ళే మరి. నిటారుగా మిగిలింది నాయకులిద్దరే.

“ఎండ మండిపోతోందండీ, రామచంద్రరావు గారూ.”

“రసాలు బాగా పండుతాయి లెండి.”

చెరో కారూ ఎక్కారు.

మర్నాడు మళ్ళీ మైకు. హింసాత్మక చిత్రాలు పసి హృదయాలను పాడు చేస్తాయని, వాటిని నియోజకవర్గం పొలిమేర దాటేదాకా తరుముతానని ఎమ్మెల్యే గారు గద్గద కంఠంతో చెప్పారు. ఫారిన్‌లో రీసెర్చి కూడా అయిందట. సవరయ్య ఈసారి అందరి వెనకా నిలబడి చప్పట్లు కొట్టాడు.

అదే మైకులో డైరెక్టరు పదవి కూడా ప్రకటించారు. వినోద్ అనే కుర్రాడికి. ఇంకా పెళ్ళి కాలేదు, ప్రశ్నలడిగే పిల్లల్లేరు.