పాచి లేని ఇంట్లో చేప పస్తు

ఇంట్లో శుభ్రత ఎక్కువైతే ప్రాణం మీదకొస్తుంది. నవ్వకండి! కళ్ళారా చూసి చెబుతున్న మాట ఇది.

మీ ఇంట్లో అక్వేరియం ఉందా? దాని అద్దం మీద పచ్చటి పాచి పట్టిందా? అయితే మీరు అదృష్టవంతులు. గోడలకు రంగులు వేసుకోండి, గిన్నెలు తోముకోండి, ఫోన్ స్క్రీన్‌ని గంటకోసారి చొక్కాకి తుడుచుకోండి. ఆ పాచి జోలికి మాత్రం పోకండి. అది మురికి కాదు మహాప్రభో, వరం!

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆరు నెలల క్రితం దాకా నేనూ మీలాగే పాచిని చూసి ముక్కు మూసుకున్నవాణ్ణే. మా హాల్లో సోఫా పక్కన నాలుగడుగుల ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది. అందులో రెండు నారింజరంగు చేపలు, కొన్ని రాళ్ళు. ఆఫీసు పనిలో పడి నేను దాన్ని పట్టించుకోలేదు. ఏడు నెలలు తిరిగేసరికి రాళ్ళకు జుట్టు మొలిచింది. లోపల చేపలున్నాయని వచ్చినవాళ్ళకు ఒట్టేసి చెప్పాల్సి వచ్చేది.

"అది అక్వేరియమా, కషాయమా?" అంది మా వదిన, అంటే మా ఆవిడ అక్క.

ఆ మాటతో మా ఆవిడకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే ఇద్దరం చేపల షాపుకు వెళ్ళాం. ఆ షాపాయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి. మనతో మాట్లాడేటప్పుడు కూడా చూపు చేపల మీదే.

"పాచి తినే చేపా? బ్లెన్నీ తీసుకెళ్ళండి. గడ్డికోసే మిషనే అనుకోండి. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా రాళ్ళు గీక్కుంటూనే ఉంటుంది," అన్నాడు.

ఆహా! సెలవు పెట్టదు, సణగదు, పనిలోనే భోజనం కలిసిపోయిన ఉద్యోగి! ఏ కంపెనీకి దొరుకుతుందండీ ఇలాంటి అదృష్టం?

తొట్టిలో నాలుగు బ్లెన్నీలున్నాయి. నేను వాటిలో అన్నిటికంటే గంభీరంగా ఉన్నదాన్ని చూపించాను. లావుపాటి పెదాలు, నెత్తిమీద రెండు బుల్లి కుచ్చులు, చిరాకు ముఖం. రెండు రెక్కలూ రాయికి ఆనించి, పనివాళ్ళ మీద నిఘా వేసిన మేస్త్రిలా కూర్చుంది.

"ముఖం కాదు సార్, పొట్ట చూడండి," అన్నాడాయన. "పొట్ట లోపలికి పీక్కుపోయినదాన్ని తీసుకోకూడదు. మూల నక్కి కూర్చున్నదాన్నీ తీసుకోకూడదు. తింటుండగా చూసి మరీ కొనాలి."

మా మేస్త్రి ఆ మాట విన్నట్టే లేచి, అద్దానికి మూతి ఆనించి టకటకా గీకింది. గీకినచోటల్లా పెదాల ముద్రలు పడ్డాయి. పొట్ట కూడా గుండ్రంగా ఉంది. ఇంకేం కావాలి?

"ఇవి నిన్ననే వచ్చాయి. నాలుగు రోజులు నా దగ్గర తిండి తిననివ్వండి, ఆదివారం తీసుకెళ్దురుగాని. మీ ట్యాంకులో పాచి ఉందిగా?" అని అడిగాడు.

"మీకూ కాస్త పంపమంటారా?" అన్నాను గర్వంగా.

కొంప మునిగింది ఆ నాలుగు రోజుల్లోనే. "మన ఇంటికి కొత్తగా ఒక ప్రాణి వస్తోంది. ఇలాగేనా ఉంచుతాం? దాని ముందు మన పరువేం కావాలి?" అంది మా ఆవిడ. నాకూ నిజమే అనిపించింది. ఇద్దరం నడుం బిగించి రంగంలోకి దిగాం. బ్లేడుతో అద్దాలు గీకాం. రాళ్ళను ఒక్కొక్కటిగా బకెట్లో పెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాం. శనివారం సాయంత్రానికి ట్యాంకు తళతళలాడింది. మేం చాలా సంతోషించాం.

ఆదివారం మేస్త్రి గృహప్రవేశం చేసింది. ఒక రాయి గీకి మా వంక చూసింది. ఇంకో రాయి గీకి మళ్ళీ చూసింది. భోజనానికి పిలిచి తోమిన గిన్నెలు చూపించామన్న సంగతి అప్పటికీ మాకు తట్టలేదు.

"పని ఎంత త్వరగా ముగించిందో చూడు!" అని మా ఆవిడతో మెచ్చుకోలుగా అన్నాను కూడా.

అయిదో రోజుకు దాని పొట్ట లోపలికి పోయింది. షాపుకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"సార్, మీరు పాచి కడిగేశాననుకుంటున్నారు. దాని వంటిల్లు కడిగి పారబోశారు. ఇలాగే వదిలేస్తే ఇంకో వారం బతకడం కష్టం," అన్నాడు.

నాకు నిజంగానే భయమేసింది. పిలిచి తెచ్చుకున్న ప్రాణి, మా మర్యాద పుణ్యమా అని ఆకలితో పోతుందా?

అప్పటినుంచి మా ఇల్లు ఇల్లు కాదు, ఐసీయూ! ఎండబెట్టిన సముద్రపు నాచు కాగితాల్లా అమ్ముతారు. అది తెచ్చి అద్దానికి క్లిప్పు పెట్టాను. నారింజ చేపలు లాగించేశాయి. మేస్త్రి అటు తిరిగి కూర్చుంది. పాచి బిళ్ళలు వేశాను. అవి ముక్కు మీద పడ్డా కదల్లేదు. చివరికి షాపాయనే జాలిపడి, తన తొట్టిలోంచి పాచి పట్టిన రాళ్ళు రెండు ఇచ్చాడు. వాటిని నీళ్ళలో దించీ దించగానే మేస్త్రి ఎగిరి దూకింది. ఆ టకటకలు వింటూ మా ఆవిడ కళ్ళొత్తుకుంది.

"రెండు రాళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? మనమే పెంచుదాం," అంది.

స్విచ్చుల మీద వేలిముద్ర పడినా సహించని మనిషి, బాల్కనీలో టబ్బునిండా ఉప్పునీళ్ళు పోసి, రాళ్ళు పేర్చి, ఎండ ఎటు తిరిగితే టబ్బు అటు తిప్పింది. మా వదిన వచ్చి, "ఏమిటే ఈ కంపు?" అని చెయ్యి పెట్టబోతే, "ముట్టుకోకక్కా! ఇప్పుడిప్పుడే పడుతోంది!" అని కేకేసింది. ఇప్పుడు వారానికి రెండు పచ్చరాళ్ళు లోపలికి, రెండు నున్నటి రాళ్ళు బయటికి. మధ్యలో ఎండునాచును రాయికి రబ్బరుబ్యాండుతో చుట్టి పెడితే, అదీ పాచే అనుకుని మేస్త్రి మహదానందంగా గీకుతోంది. పొట్ట మళ్ళీ గుండ్రంగా తేలింది.

ఇంతసేపు చేప పొట్ట చూసే తీరిక ఈయనకెక్కడిదని మీకు అనుమానం రావచ్చు. చెబుతాను. మేస్త్రి మా ఇంటికి రావడానికి వారం ముందే నా ఉద్యోగం పోయింది.

నేను ఒక పెద్ద కంపెనీలో ఫిర్యాదుల సెక్షన్‌లో కాంట్రాక్టు మీద పనిచేశాను. మూడేళ్ళుగా పేరుకుపోయిన ఫిర్యాదులు బీరువాల మీదనుంచి సీలింగును అంటుకున్నాయి. అవన్నీ తేల్చడానికి నన్ను పెట్టుకున్నారు. ఏడాదిన్నర పడుతుందన్నారు. నేను టీ బ్రేకులు మానేసి, సెలవులు మానేసి ఏడు నెలల్లో తేల్చాను. ఆఖరి ఫైలు మూసిన రోజు అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేనేజరు పూలగుత్తి ఇచ్చి, "అద్భుతం! ఇక మీకిక్కడ పనేమీ మిగల్లేదు," అన్నారు.

అది పొగడ్త అనుకుని ఇంటికి వచ్చాను. పూలు వాడిపోయాక అర్థమైంది. నా పక్క సీటాయన రోజుకో ఫైలు తెరిచి, రెండు సందేహాలు రాసి, మూసేసేవాడు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆయన ముందు ఎప్పుడూ పని ఉంటుంది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు నన్ను వదిలేశారని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మేస్త్రికి రాళ్ళు పెంచడానికి మా ఆవిడ ఉంది. నాకోసం ఫిర్యాదులు పెంచేదెవరు?

కంపెనీయే పెంచింది! మూడు నెలలు తిరక్కుండానే మేనేజరు ఫోన్ చేశారు.

"మళ్ళీ పేరుకుపోయాయండీ. ఎన్నాళ్ళలో తేలుస్తారు?"

నేను గొంతు బరువుగా పెట్టి, "ఇప్పుడే చెప్పలేం సార్. సమస్య చాలా లోతుగా ఉన్నట్టుంది," అన్నాను. జన్మలో మొదటిసారి పని గురించి అబద్ధమాడాను. చెవులు కాలాయి.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నావైపే చూస్తోంది. "నిజం చెప్పండి, ఎన్నాళ్ళు పడుతుంది?"

"గట్టిగా కూర్చుంటే మూడు నెలలు."

"గట్టిగా కూర్చోకండి మరి. మెల్లగా చేయండి. పక్కసీటాయన్ని చూసి నేర్చుకోండి." మళ్ళీ తనే, "మీవల్ల కాదనుకోండి. ప్రయత్నించడానికేం?" అంది.

ప్రయత్నించాను. నా మీద ఒట్టు! మొదటి రోజు ఒక్క ఫైలే తెరిచాను. అందులో ఒక పెద్దాయన, జవాబు కోసం పదకొండు ఉత్తరాలు రాశానని రాశాడు. పన్నెండోది రాయించడానికి నాకు మనసొప్పలేదు. దాని కింద ఇంకొకావిడది. ఆవిడదీ అలాగే ఉంది. ఇక చేతులు ఆగలేదు.

తొమ్మిది వారాల్లో అన్నీ తేలిపోయాయి. నిన్న సాయంత్రం మళ్ళీ అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈసారి పూలగుత్తి ఇంకా పెద్దది.