బీపీ మీద ఎంక్వయిరీ

సోమవారం పొద్దున్న త్రినాథరావు పథకం చిన్నదే. రైల్వే కాలనీ హెల్త్ యూనిట్‌కి వెళ్ళి బీపీ మాత్రలు తెచ్చుకోవడం, ఉప్మా చల్లారకముందే లింగియాడీహ్‌లోని ఇంటికి చేరడం. ముప్ఫై నాలుగేళ్ళు రైలింజను నడిపి, ఒక్క చార్జిషీటు లేకుండా రిటైరైన మనిషి. తల తిరుగుతోందని మాత్రలు మానేసి రెండు నెలలైంది. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. తప్పు ఒప్పుకోవడం అతనికి అలవాటు లేని పని.

ఇదివరకు డాక్టరు తలెత్తకుండా చీటీ రాసిచ్చేవాడు. ఆ రోజు నుంచి కొత్త పద్ధతి, టీము. పొడుగు బల్ల వెనక నలుగురు: డాక్టర్ ప్రత్యూష, నర్సు ఉషారాణి, మందులిచ్చే శివాజీ, తిండి సంగతులు చూసే ఊర్మిళ. బల్ల మీద అతని పేరుతో ఫైలు. ఇవతల ఒక్కటే కుర్చీ.

రైల్వేలో అలాంటి బల్లకి ఒకటే అర్థం. అతను కూర్చోకుండానే అడిగాడు.

"ఎంక్వయిరీయా? అయితే నా తరఫున డిఫెన్స్ హెల్పర్ని పిలుచుకుంటాను. రూలుంది."

"తోడు ఎవరైనా ఉంటే మంచిదే," అంది ప్రత్యూష, ఇంట్లోవాళ్ళని అనుకుని.

ఫోను చేసిన పావుగంటలో రిటైర్డ్ గార్డు నాగభూషణం స్కూటరు దిగి, ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. సాటివాళ్ళ తరఫున వాదించి ఎన్నో ఎంక్వయిరీలు గెలిపించినవాడు. "ఏటడిగినా రూలు ప్రకారమే చేశానను. ఇచ్చిన స్టేట్‌మెంటు మార్చకు," అని చెవిలో ఊదాడు.

ఉషారాణి బీపీ చూసింది. నూట డెబ్బై. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా, బాబాయ్?"

"ఏడూ అయిదుకి. రైట్ టైము."

ప్రత్యూష రెండో మాత్ర రాసింది.

"ఉప్పు?" అంది ఊర్మిళ.

"ముట్టను."

"ఆవకాయ?"

"దానివైపు చూడను కూడా."

మూడో మాత్ర. ఆరు రకాల రక్తపరీక్షలు. నలుగురూ మొహాలు చూసుకున్నారు. ఇంత నిష్ఠ గల మనిషికి ఇంత బీపీ అంటే లోపల పెద్ద జబ్బే ఉండాలి.

"ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్పిద్దాం," అంది ప్రత్యూష.

త్రినాథరావు నాగభూషణం వైపు వంగాడు. "ఒరే, చెప్పీమంటావేటి?"

"చెప్పీసావంటే నీ రికార్డు పోయినట్టే!"

ఈలోగా శివాజీ రిజిస్టరు తిప్పాడు. "రెండు నెలలుగా ఈయన మందులే తీసుకెళ్ళలేదే!"

నాగభూషణం లేచి నిలబడ్డాడు. "అభ్యంతరం! ఆ రిజిస్టరు కాపీ మాకు ముందుగా ఇవ్వలేదు!"

ఉషారాణి మాత్రం త్రినాథరావు వైపే చూసింది. "ఆ మాత్ర ఏటైనా ఇబ్బంది పెట్టిందా, బాబాయ్?"

అతను నాగభూషణం వైపు చూడకుండా, "తల తిరిగీదమ్మా," అన్నాడు.

ప్రత్యూష ఫైల్లో రాస్తూ పైకి చదివింది. "మందు పడలేదు. మేం అడగలేదు. పొరపాటు మాది."

బల్లకి అటువైపు కూర్చున్నవాళ్ళు అలాంటి వాక్యం రాయడం త్రినాథరావు సర్వీసు మొత్తంలో చూడలేదు. అతనిలో ఏదో బ్రేకు వదిలింది. "ఆవకాయ రెండు పూటలా తింటున్నాను," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

చేర్పించే కాగితం చిరిగింది. మూడు మాత్రలు పోయి తేలికపాటిది ఒకటి వచ్చింది. మొదటిసారి కేసు ఓడిన నాగభూషణం చెమటలు తుడుచుకుంటుంటే ఉషారాణి అతని చేతికి బీపీ పట్టీ చుట్టింది. రెండొందలు.

"మందులేవైనా వాడుతున్నారా?"

"అన్నీ రూలు ప్రకారమే," అన్నాడు నాగభూషణం.

శివాజీ అతని పేరుతో రెండో ఫైలు తెరిచాడు. త్రినాథరావు డిఫెన్స్ హెల్పర్ కుర్చీలోకి మారి, అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఒప్పీసుకో. ఇంటికాడ ఉప్మా చల్లారిపోతాది."